భూటాన్: ప్రవేశ అనుమతులు, వీసా నిబంధనలు

హిమాలయ రాజ్యమైన భూటాన్‌కు వెళ్లే చాలా దేశాల పౌరులు ప్రయాణానికి ముందే వీసా తీసుకోవాలి. భారతీయులకు వీసా అక్కర్లేదు. అయినా వారు పర్మిట్ తీసుకోవాలి, బస చేసే ప్రతి రాత్రికీ సుస్థిర అభివృద్ధి రుసుము చెల్లించాలి. వాడుకలో దీన్ని ఎస్‌డీఎఫ్ అంటారు. భూటాన్, నేపాల్‌లకు భారతీయులు ‘వీసా లేకుండా’ వెళ్లవచ్చని ప్రయాణ పుస్తకాలు రెండింటినీ ఒకే వరుసలో రాస్తుంటాయి. ఈ పోలిక పాక్షికంగానే సరైనది. నేపాల్‌లో భారతీయుడికి పర్మిట్టూ లేదు, రాత్రి రుసుమూ లేదు. భూటాన్‌లో రెండూ ఉన్నాయి. 2020 తర్వాత నిబంధనలు పలుమార్లు మారినందువల్ల అంతకు ముందు అచ్చయిన వివరాలను ఇప్పటి ప్రయాణానికి ప్రమాణంగా తీసుకోలేము.

చారిత్రక నేపథ్యం

భూటాన్‌లోకి బయటివారి రాక చాలాకాలం పాలకుల అనుమతి మీద, ఒక్కో బృందానికి విడివిడిగా నడిచింది. బెంగాల్ బ్రిటిష్ గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ పంపిన జార్జ్ బోగల్ 1774లో కూచ్ బెహార్, బక్సా దారిన భూటాన్ మీదుగా టిబెట్ వెళ్లాడు. 1783లో శామ్యూల్ టర్నర్ బృందం అదే దారి పట్టింది. ఆ బృందంలోని చిత్రకారుడు శామ్యూల్ డేవిస్‌కు టిబెట్‌లో ప్రవేశం దొరకలేదు, అతను భూటాన్‌లోనే ఆగిపోయాడు. అప్పుడు వేసిన చిత్రాలు ఆ దేశపు తొలి పాశ్చాత్య దృశ్య ఆధారాల్లో చేరతాయి. బ్రిటిషర్లతో 1864-65లో జరిగిన దువార్ల యుద్ధం, 1865 సించులా ఒప్పందం తర్వాత దువార్లు అనే కొండ దిగువ మైదాన ప్రాంతాలు బ్రిటిష్ ఇండియాకు పోయాయి. ఇప్పటి ప్రవేశ ద్వారాలు చాలావరకు ఆ పాత దువార్ల అంచునే ఉన్నాయి.

భారతీయులకు వీసా లేకపోవడానికి 1949 ఆగస్టు 8న డార్జిలింగ్‌లో కుదిరిన స్నేహ ఒప్పందమే మూలమని ఎక్కువమంది రాస్తారు. అయితే ఆ ఒప్పందం ప్రధానంగా విదేశీ వ్యవహారాలు, వాణిజ్యం, నేరస్థుల అప్పగింత వంటి విషయాల గురించినది. 1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందంలో రాకపోకల గురించి ఉన్నంత స్పష్టమైన మాట ఇందులో కనిపించదు. ఒప్పంద పాఠం కన్నా సరిహద్దు సంతల పాత అలవాటు, 1960ల తర్వాత రోడ్లతో పెరిగిన రాకపోకలు ఈ వెసులుబాటుకు బలమైన కారణాలని భావించడం సమంజసం. 2007లో ఒప్పందాన్ని సవరించినప్పుడు కూడా ఈ ఆచారం కొనసాగింది.

1958 సెప్టెంబరులో భారత ప్రధాని నెహ్రూ భూటాన్ వెళ్లినప్పుడు వాహనాలు నడిచే దారి లేదు. ఆయన నాథూ లా కనుమ దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా పారో చేరారు. 1961లో మొదటి పంచవర్ష ప్రణాళికతో పాటు సరిహద్దు పట్టణం ఫుంత్‌షోలింగ్ నుంచి రాజధాని థింఫూకు రోడ్డు పని మొదలైంది. భారత సరిహద్దు రోడ్ల సంస్థకు చెందిన ‘దంతక్’ విభాగం దాన్ని నిర్మించింది. ఇప్పటికీ భారతీయ యాత్రికులు రోడ్డు మార్గాన ఎక్కువగా వాడేది ఈ దారినే.

పర్యాటకానికి తలుపు తెరవడం

విదేశీ పర్యాటకుల రాక 1974లో మొదలైందన్నది ఎక్కువమంది అంగీకరించే లెక్క. ఆ ఏడాది జూన్ 2న నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగింది. అతిథుల కోసం కట్టిన విడిదులే తర్వాత పర్యాటకుల హోటళ్లయ్యాయి. డబ్బు చెల్లించి వచ్చిన తొలి బృందాన్ని యాత్రల నిర్వాహకుడు లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్ తీసుకొచ్చారని చెబుతారు. మొదటి ఏడాది వచ్చినవారు 287 మంది అన్న సంఖ్యే పలుచోట్ల కనిపిస్తుంది. పట్టాభిషేక అతిథులను కూడా కలిపితే ఈ లెక్క మారవచ్చు.

1983లో డ్రుక్ ఎయిర్ పారో-కలకత్తా సర్వీసు ప్రారంభించేదాకా అందరూ రోడ్డునే వచ్చేవారు. 1991లో ప్రభుత్వ పర్యాటక సంస్థను ప్రైవేటుపరం చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు విదేశీయులకు రోజువారీ కనీస ప్యాకేజీ ధర ఉండేది. తక్కువ రద్దీ నెలల్లో 200 డాలర్లు, రద్దీ నెలల్లో 250 డాలర్లు. ఇందులోనే హోటలు, భోజనం, గైడు, వాహనం, 65 డాలర్ల ప్రభుత్వ వాటా కలిసి ఉండేవి. ఒంటరిగా వచ్చినవారు రోజుకు 40 డాలర్లు, ఇద్దరుగా వచ్చినవారు తలా 30 డాలర్లు అదనంగా కట్టేవారు. భారతీయులు, బంగ్లాదేశీయులు, మాల్దీవులవారు ఈ ధరల పరిధిలోకి రాలేదు.

2019లో భూటాన్‌కు వచ్చిన సందర్శకులు 3,15,599 మంది. వారిలో సుమారు 2,30,000 మంది భారతీయులు. ‘తక్కువమంది, ఎక్కువ విలువ’ అనే ప్రభుత్వ విధానానికి ఈ అంకెలు ఇబ్బందిగా మారాయి. తర్వాత వచ్చిన చట్టాలకు ఇదే నేపథ్యమని చెప్పవచ్చు.

ఎస్‌డీఎఫ్

2020 పర్యాటక సుంకం చట్టం మొదటిసారి పొరుగు దేశాలవారి మీద రాత్రికి భూటాన్ కరెన్సీలో 1,200 నుల్‌ట్రమ్‌ల రుసుము విధించింది. అది 2020 జూలై నుంచి అమలు కావాలి. అయితే ఆ మార్చిలోనే, తొలి కోవిడ్ కేసు బయటపడగానే, దేశం పర్యాటకులకు మూసుకుంది. కాబట్టి ‘2020 నుంచి రుసుము’ అని రాసినవారు చట్టం తేదీని చెబుతున్నారు. భారతీయ యాత్రికుల జేబుకు అది తగిలింది సరిహద్దు తిరిగి తెరిచిన 2022 సెప్టెంబరు 23 తర్వాతనే.

2022లో వచ్చిన మరో చట్టం పాత కనీస ప్యాకేజీ ధరను తీసేసి, డాలర్లలో చెల్లించేవారికి ఎస్‌డీఎఫ్‌ను 65 నుంచి 200 డాలర్లకు పెంచింది. హోటలు, గైడు ఖర్చులు దీనికి అదనం. రాక మందగించడంతో 2023 జూన్‌లో, నాలుగు రాత్రులకు కడితే మరో నాలుగు రాత్రులు ఉచితం వంటి రాయితీలు ప్రకటించారు. అవి ఎక్కువకాలం నడవలేదు. 2023 సెప్టెంబరు 1 నుంచి రుసుమును 100 డాలర్లకు తగ్గించారు. ఈ తగ్గింపు 2027 ఆగస్టు 31 వరకు వర్తిస్తుందని ప్రకటించారు.

భారతీయులకు రేటు రాత్రికి 1,200 దగ్గరే ఉంది. నుల్‌ట్రమ్ విలువ భారత రూపాయితో సమానం కాబట్టి రూపాయల్లో కట్టవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి సగం. ఆ లెక్కన భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల బిడ్డ అయిదు రాత్రులు ఉంటే రూ.15,000 అవుతుంది. బంగ్లాదేశీయులకు 2024 జూన్ నుంచి 15 డాలర్ల ప్రత్యేక రేటు ప్రకటించారు.

ఫుంత్‌షోలింగ్ వంటి నిర్ణీత సరిహద్దు పట్టణాల్లో 24 గంటల లోపు ఉండి తిరిగి వచ్చేవారికి ఎస్‌డీఎఫ్ మినహాయింపు ఉంది. వారికి కూడా గుర్తింపు పత్రం మాత్రం తప్పదు.

భారతీయులకు కావలసిన పత్రాలు

భూటాన్ ఇమిగ్రేషన్ శాఖ భారతీయ పెద్దల నుంచి ఒప్పుకునే పత్రాలు రెండే. ఒకటి, కనీసం ఆరు నెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు. రెండోది, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు. డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు చెల్లవు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పాస్‌పోర్టు గాని, ఇంగ్లిషులో ఉన్న అసలు జనన ధ్రువపత్రం గాని కావాలి. తల్లిదండ్రులో, చట్టబద్ధ సంరక్షకులో వెంట ఉండాలి.

ఆధార్ విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి. పదిహేనేళ్ల లోపు పిల్లలు, అరవై అయిదేళ్లు దాటినవారు నేపాల్, భూటాన్‌లకు ఆధార్‌తో వెళ్లవచ్చని భారత హోం శాఖ 2019 జనవరిలో తెలిపింది. అది భారత సరిహద్దు దాటడానికి సంబంధించిన వెసులుబాటు. లోపలికి రానిచ్చేది భూటాన్ అధికారులు గనక, వారి జాబితానే ప్రమాణంగా తీసుకోవడం క్షేమం. ఆ జాబితాలో ఆధార్ లేదు.

తెలుగు యాత్రికులు రెండు విషయాలు ముందే చూసుకోవాలి. ఓటరు కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, విమాన టికెట్టు మీద పూర్తిగా ఉంటే పేర్లు కలవక చిక్కు రావచ్చు. తెలుగులో మాత్రమే ఉన్న పాత జనన ధ్రువపత్రాలకు బదులు మునిసిపాలిటీ లేదా పంచాయతీ నుంచి ఇంగ్లిషు ప్రతి తీసుకోవాలి.

పర్మిట్ పొందే తీరు

పర్మిట్‌కు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో ముందుగా దరఖాస్తు చేయవచ్చు. ఫొటో, గుర్తింపు పత్రం, ప్రయాణ వివరాలు, బస వివరాలు జతచేసి ఎస్‌డీఎఫ్ కట్టాలి. నేరుగా ఫుంత్‌షోలింగ్ కార్యాలయంలో, పారో విమానాశ్రయంలో కూడా పర్మిట్ ఇస్తారు. సెలవు రోజులు, పండుగ వేళల్లో ఆలస్యం కాకుండా ముందుగా తీసుకోవడమే మేలు. భూటాన్ గడియారం మన కన్నా అరగంట ముందుంటుంది. కార్యాలయ వేళలను ఆ సమయం ప్రకారమే లెక్కించుకోవాలి.

ఫుంత్‌షోలింగ్‌లో ఇచ్చే పర్మిట్ పాత పద్ధతిలో థింఫూ, పారో వరకే ఏడు రోజులకు చెల్లేది. పునాఖా, బుమ్‌తాంగ్ వైపు వెళ్లడానికి థింఫూలో వేరే అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఆన్‌లైన్ పద్ధతిలో మొత్తం ప్రయాణాన్ని ముందే నమోదు చేయవచ్చు. అయినా పాత తనిఖీ కేంద్రాలు అలాగే ఉన్నాయి. ఫుంత్‌షోలింగ్ పైన రించెండింగ్‌లో, నదుల సంగమమైన చుజోమ్‌లో, దోచు లా కనుమకు ముందున్న హోంగ్‌త్సోలో పర్మిట్ చూపించాల్సి రావచ్చు. థింఫూ, పారో దాటి వెళ్లేటప్పుడు గుర్తింపు పొందిన గైడు ఉండాలన్నది 2022 తర్వాతి సాధారణ నియమం.

ఇతర దేశీయులు

మిగతా దేశాలవారిలో ఎక్కువమంది బయలుదేరకముందే ఆన్‌లైన్‌లో వీసా పొందాలి. దరఖాస్తు రుసుము 40 డాలర్లు, తిరిగి ఇవ్వరు. బస చేయదలచిన రాత్రులన్నిటికీ ఎస్‌డీఎఫ్ అప్పుడే కట్టాలి. వీసా మంజూరు పత్రం లేనిదే విమానం ఎక్కనివ్వరు. పూర్వం లైసెన్సు ఉన్న టూర్ ఆపరేటర్ ద్వారానే దరఖాస్తు చేయాల్సి ఉండేది. ఇప్పుడు యాత్రికులే చేసుకోవచ్చు.

అమెరికా, బ్రిటన్ వంటి దేశాల పౌరసత్వం తీసుకున్న తెలుగువారు కూడా ఈ తరగతిలోకే వస్తారు. ఓసీఐ కార్డు భారత్‌లో ఉండడానికి పనికొస్తుంది, భూటాన్‌లో దాన్ని భారతీయ పౌరసత్వంగా లెక్కించరు. ఒకే కుటుంబంలో భారత పాస్‌పోర్టు ఉన్నవారు రాత్రికి రూ.1,200, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు 100 డాలర్లు కట్టాల్సి వస్తుంది.

ప్రవేశ ద్వారాలు

విమాన మార్గంలో పారో ఒక్కటే అంతర్జాతీయ ద్వారం. సముద్ర మట్టానికి సుమారు 2,235 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉన్న ఈ విమానాశ్రయంలో పగటి వెలుగులోనే, పైలట్ కంటితో చూసి విమానం దింపుతారు. అందువల్ల వాతావరణం బాగా లేకపోతే సర్వీసులు ఆలస్యమవుతాయి. ఢిల్లీ, కోల్‌కతా, బాగ్‌డోగ్రా, గువాహటిల నుంచి విమానాలు నడుస్తాయి.

రోడ్డు మార్గంలో పశ్చిమ బెంగాల్‌లోని జయగావ్‌కు ఆనుకుని ఉన్న ఫుంత్‌షోలింగ్ ముఖ్యమైనది. తెలుగు రాష్ట్రాల మీదుగా గువాహటి వైపు సాగే రైళ్లు ఆగే న్యూ జల్పాయిగురి నుంచి ఇది సుమారు 160 కిలోమీటర్లు. దగ్గరి పెద్ద స్టేషను హాసిమారా. సంత్సే, గెలెఫు, సమ్‌ద్రుప్ జోంగ్‌ఖర్ ఇతర ద్వారాలు. సమ్‌ద్రుప్ జోంగ్‌ఖర్‌కు ఎదురుగా అస్సాంలోని దరంగాలో భారత ఇమిగ్రేషన్ చెక్‌పోస్టు 2024 నవంబరు 7న ప్రారంభమైంది. దాంతో మూడో దేశాలవారు కూడా ఆ దారిన రాకపోకలు సాగించగలుగుతున్నారు. భారత్ మీదుగా రోడ్డున వచ్చిపోయే విదేశీయులకు తిరిగి ప్రవేశించే వీలున్న భారత వీసా ఉండాలి. కోక్రఝార్-గెలెఫు, బనార్‌హాట్-సంత్సే రైలు మార్గాలను 2025 సెప్టెంబరులో ప్రకటించారు.

వాహనాలు, డబ్బు, నిషేధాలు

భారత రిజిస్ట్రేషన్ ఉన్న పర్యాటక వాహనాన్ని ఫుంత్‌షోలింగ్ దాటించడానికి పర్మిట్‌తో పాటు, 2022 నిబంధనల ప్రకారం, రోజుకు రూ.4,500 రుసుము ఉంది. ఎక్కువమంది వాహనాన్ని జయగావ్‌లో వదిలి భూటాన్ ట్యాక్సీ తీసుకోవడానికి ఇదే కారణం.

భారత రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వంద రూపాయలు, అంతకు తక్కువ విలువ గల నోట్లను పరిమితి లేకుండా తీసుకెళ్లవచ్చు. పెద్ద నోట్లకు రూ.25,000 పరిమితి ఉంది. 2021 జూలై నుంచి భీమ్ యూపీఐ చెల్లింపులు భూటాన్‌లో మొదలయ్యాయి, అయితే ప్రతి దుకాణంలో పనిచేస్తాయని ఆశించరాదు.

పొగాకు అమ్మకాన్ని 2004లో నిషేధించి, 2010 చట్టంతో మరింత బిగించారు. 2021లో అమ్మకం మీద నిషేధం సడలినా, బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై ఆంక్షలున్నాయి. డ్రోన్లకు ముందస్తు అనుమతి కావాలి. 1994 నుంచి ఆరు వేల మీటర్లు దాటిన శిఖరాలను ఎక్కనివ్వలేదు. 2003 నుంచి పర్వతారోహణనే పూర్తిగా నిషేధించారు. 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ ప్యున్సుమ్ శిఖరాన్ని నేటికీ ఎవరూ ఎక్కలేదు. లోయల్లో ట్రెక్కింగ్‌కు అనుమతి ఉంది.

ఉద్యోగం, చదువు కోసం వెళ్లేవారికి పర్యాటక పర్మిట్ చాలదు. వారికి సంబంధిత శాఖల ద్వారా వేరే అనుమతులు ఉంటాయి.

పై నిబంధనల్లో రుసుములే తరచుగా మారుతున్నాయి, గుర్తింపు పత్రాల నియమం మాత్రం చాలా ఏళ్లుగా దాదాపు అలాగే ఉంది. పాస్‌పోర్టు ఉన్నవారు ఓటరు కార్డు మీద ఆధారపడకుండా పాస్‌పోర్టునే వెంట తీసుకెళ్లడం మంచిది. రేట్లను మాత్రం ప్రయాణానికి ముందు భూటాన్ ఇమిగ్రేషన్ శాఖ ప్రకటనలో మరోసారి సరిచూసుకోవాలి.