నీళ్ళలో ఉండి నోరెండితే

నాలుక పిడచగట్టుకుపోవడం అంటే ఏమిటో మనలో తెలియనివాళ్ళు లేరు. మే నెలలో బాలానగర్ చౌరస్తాలో బస్సు కోసం ముప్పావుగంట నిలబడితే చాలు, తెలిసిపోతుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లకి తెలుసు. పరీక్ష హాల్లో మొదటి ప్రశ్న చదివిన కుర్రాడికి తెలుసు. కాని నెత్తిమీద ముప్పై అడుగుల నీళ్ళుండగా నోరు ఎండిపోవడం ఏమిటి చెప్పండి! మా ఆడపడుచు కూతురు ఋషికొండ దగ్గర సముద్రంలో దిగి వచ్చిందంటే చేపల సంగతి చెబుతుందనుకున్నాను. "గొంతులో ఇసుక పోసినట్టుందత్తయ్యా" అని మొదలుపెట్టింది. వీపున గాలి సిలిండరు, నోట్లో రెగ్యులేటరు, నలభై నిమిషాలు. దాని మాటతో నాకు ఆ రెగ్యులేటరు పుట్టుపూర్వోత్తరాల మీద ఆసక్తి కలిగింది.

కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. మన పంక్చరు షాపుల్లో గాలి కొట్టే కంప్రెసరు చూశారు కదా. దాని ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పితే తుప్పు నీళ్ళు బుస్సుమని వస్తాయి. ఆ నీళ్ళు ఎవరూ పోసినవి కావు, గాలిలో ఉన్న తేమే. గాలిని గట్టిగా నొక్కితే తడిబట్ట పిండినట్టు నీరు విడిపోతుంది. డైవరు సిలిండరులోకి గాలి ఎక్కించేటప్పుడు మిగిలిన ఆ కాస్త తేమను కూడా వడకట్టేస్తారు. ఉంటే సిలిండరు లోపల తుప్పు పడుతుంది, చల్లటి నీళ్ళలో రెగ్యులేటరు గడ్డకట్టి మొరాయిస్తుంది. పన్నెండు లీటర్ల సిలిండరులో 2,400 లీటర్ల గాలి కూరుతారు మరి! అంత ఒత్తిడి నుంచి ఒక్కసారి వదులైన గాలి చల్లబడిపోతుంది కూడా. ఎండు గాలి, చలి గాలి. మామూలుగా అయితే దాన్ని తడిపి, వెచ్చచేసి లోపలికి పంపే బాధ్యత ముక్కుది. ఆ ముక్కేమో అద్దాల తొడుగులో ఖైదు. పని అంతా నోటిమీద, గొంతుమీద పడుతుంది. ఊపిరితిత్తులకు చేరేసరికి ఆ గాలి లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటిని మన ఒంట్లోంచే తీసుకుంటుంది. ఊపిరి వదిలినప్పుడు ఆ తడి చాలా మట్టుకు బుడగలతోపాటు సముద్రంలో కలిసిపోతుంది. సముద్రానికేం లోటని!

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినప్పుడు గోడ దగ్గర ఒక చిన్న సీసాలో నీళ్ళు బుడబుడలాడడం చాలామంది చూసే ఉంటారు. 2021 వేసవిలో చూడని కుటుంబం తక్కువ. అది ఈ జబ్బుకే మందు. ఎండు వాయువును నీళ్ళలోంచి పోనిచ్చి తడిపి ఇస్తారు. రోగి మంచంమీద కదలకుండా ఉంటాడు కాబట్టి కుదిరింది. ఈదేవాడికి సీసా ఎక్కడ కడతారు?

నిజానికి పాతకాలపు డైవరుకి ఈ బాధ లేదు. 1830 ప్రాంతంలో లండనులో ఆగస్టస్ సీబ్ రాగి శిరస్త్రాణం తయారుచేశాడు. పడవమీద మనుషులు పంపు కొడుతుంటే మామూలు గాలి గొట్టంలోంచి దిగేది. ఆ బిందెలాంటి తలపాగాలో ముక్కుకి స్వేచ్ఛ ఉండేది. కాళ్ళకే లేదు. గొట్టం ఎంతదూరం పోనిస్తే అంతవరకే నడక. 1860లలో ఫ్రాన్సులో రుకెరోల్ అనే గనుల ఇంజనీరు, దెనెరూజ్ అనే నౌకాదళం అధికారి కలిసి, పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలే పరికరం చేశారు. పళ్ళతో కరిచిపట్టుకునే గొట్టం దానితోనే వచ్చింది. జూల్ వెర్న్ 1870లో అచ్చయిన తన సముద్రగర్భ నవలలో పాత్రలకు వీళ్ళ పరికరాన్నే తగిలించాడు. నవల రాసేవాడు ఊహకు కూడా దుకాణంలో దొరికే వస్తువునే ఆధారం చేసుకున్నాడు చూడండి, నాకు అది భలే నచ్చింది.

అసలు కథ 1942లో ఉంది. ఫ్రాన్సు జర్మనుల చేతికింద ఉంది, పెట్రోలు కరువు. కార్లను గ్యాసుతో నడపడానికి ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు ఒక రెగ్యులేటరు తయారుచేశాడు. ఇంజను ఎంత పీలిస్తే అంతే గ్యాసు వదులుతుంది. మన వంటింట్లో గ్యాసు బండమీద కూర్చునే రెగ్యులేటరుకు దగ్గర చుట్టమే. నౌకాదళంలో పనిచేసే జాక్ కూస్తో వెతుక్కుంటూ ఆయన దగ్గరికి వచ్చాడు. ఇంజనుకు గ్యాసు ఇచ్చేది మనిషికి గాలి ఇవ్వదా అన్నది ప్రశ్న. 1943లో మార్న్ నదిలో దిగి చూస్తే, అడ్డంగా ఈదితే బాగానే ఉంది, నిటారుగా నిలబడితే గాలి ధారగా వృథా అయిపోయింది. వదిలే కవాటాన్ని పీల్చే పొర పక్కకే మార్చేసరికి సమస్య తీరింది. ఆ జూన్‌లో మధ్యధరా సముద్రంలో కూస్తో దిగినప్పుడు పైన తేలుతూ భర్తమీద కన్నేసి ఉంచింది ఆయన భార్య సిమోన్. గాన్యాన్ పనిచేసే కంపెనీలో ఆమె తండ్రి ఒక డైరెక్టరు. అల్లుడికి దారి అక్కడే దొరికింది. తరవాత కలిప్సో ఓడమీద భర్తకంటే ఎక్కువ కాలం గడిపింది ఆవిడే. పేరు ఆయనకు వచ్చింది, అది వేరే సంగతి.

మన తీరానికి వద్దాం. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ బయట పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అడుగున ఉన్నది అదేనని తేల్చడానికి నౌకాదళం డైవర్లే దిగాల్సివచ్చింది. ఆ పనిలో తోడ్పడిన ఓడ నిస్తార్ 1989లో సెలవు తీసుకుంది. అదే పేరుతో హిందుస్తాన్ షిప్‌యార్డు కట్టిన కొత్త ఓడ 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. బాగా లోతుకు దిగేవాళ్ళకు పీల్చే వాయువును వెచ్చచేసి పంపుతారట. లేకపోతే ఊపిరితోనే ఒంట్లో వేడి అంతా పోతుంది.

సరదాకి దిగేవాళ్ళకు అంత వైభవం ఉండదు. కొన్ని రెగ్యులేటర్లలో నోటి దగ్గర చిన్న జల్లెడలాంటిది పెట్టారు. వదిలిన ఊపిరిలో తడిని పట్టుకుని, తిరిగి పీల్చేటప్పుడు ఇస్తుంది. వదిలిన గాలినే శుద్ధిచేసి మళ్ళీ పీల్పించే పరికరం హెన్రీ ఫ్లూస్ 1878లోనే చేశాడు. అందులో బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే మందు వేడినీ తడినీ కూడా పుట్టిస్తుంది కాబట్టి నోరెండదు. కాని ఖరీదూ ఎక్కువ, పొరపాటు చేస్తే ప్రాణానికే ముప్పు. ఖర్చులేని చిట్కా ఒకటుంది. నాలుక కొసను అంగిలికి ఆనించి ఉంచితే వచ్చే గాలి తిన్నగా గొంతుకు తగలకుండా నాలుక చుట్టూ తిరిగి తడి అంటించుకుని పోతుంది. మెల్లగా, నిండుగా పీల్చాలి. ఊరిన లాలాజలం మింగుతూ ఉండాలి. పడవలో వాంతి రాకుండా వేసుకునే మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా నోరెండిస్తాయి, డాక్టరును ముందే అడిగి వేసుకోవాలి. దగ్గు వచ్చినా రెగ్యులేటరు తీయకూడదు. దానిలోనే దగ్గవచ్చు. గాభరాపడి ఊపిరి బిగబట్టి పైకి లేస్తే మాత్రం ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. గొంతు గరగర చిన్నదే, దాని వెనక వచ్చే గాభరా చిన్నది కాదు.

ఇంకో మాట ఆడవాళ్ళకు. ప్రయాణం అనగానే మనం చేసే మొదటి పని మంచినీళ్ళు మానెయ్యడం. పడవలో బాత్‌రూమ్ ఉండదు, ఒడ్డున ఎలా ఉంటుందో తెలియదు, అంచేత పొద్దుటినుంచీ గుక్కెడు కూడా తాగం. సముద్రం దగ్గర ఇది మరీ చెడ్డ లెక్క. నీళ్ళలో మునిగినప్పుడు కాళ్ళూ చేతుల రక్తం గుండెవైపు చేరుతుంది. ఒంట్లో నీరెక్కువైందనుకుని మూత్రపిండాలు ఉన్నదాన్ని కూడా బయటికి నెట్టేస్తాయి. పైన ఎండ, లోపల ఎండు గాలి. మా పిల్లను అడిగితే అది చేసినదీ ఇదే. అందుకని డబ్బు కట్టేముందు చేపల సంగతి తరవాత అడిగినా ఫరవాలేదు. ఒడ్డున ఆడవాళ్ళకు గది ఉందా, పడవ ఎంతసేపటికి తిరిగి వస్తుంది అని అడగండి. ఉందంటే, దిగడానికి రెండు గంటల ముందునుంచి కొంచెం కొంచెంగా నీళ్ళు తాగుతూ ఉండండి.