మిగులు నాణెములు

టాటానగరునుండి ఖరగ్‌పూరు వైపు పోవు రైలుమార్గమున, ఘాట్‌శిలా రాకముందే రాఖా మైన్స్ అను చిన్న స్టేషను తగులును. రాగిగనులకు పేరుపొందిన ఆ కొండల పాదమున 1917లో మున్నూటికి మించిన రాగినాణెముల రాశి యొకటి బయటపడెను. సాక్చిలో ఉక్కు తయారగుట మొదలై అప్పటి కైదేండ్లు గడచినవి. ఊరికి జంషెడ్‌పూరను పేరు మాత్రము 1919లో గాని రాలేదు.

ఆ నాణెములు చూపునకు ఇంపైనవి కావు. కుషాణరాజుల నాణెములపై నిలిచియుండు రాజును, దేవతను మోటుగా అనుకరించి పోతపోసిన బిళ్ళలవి. ఇట్టివి పూరీ ప్రాంతమున విస్తారముగా దొరకుటచే వీనికి ‘పూరీ కుషాణ’ నాణెములను పేరు స్థిరపడినది. అంతకు ముందే, 1858లో, గంజాము జిల్లాలోని పురుషోత్తమపురమున దొరికినవానిని వాల్టర్ ఇలియట్ వెలుగులోనికి తెచ్చియుండెను. గంజాము, విశాఖ మండలములనుండి వచ్చి ఉక్కునగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ సంగతి ఆసక్తి కలిగింపక మానదు. వారి పూర్వులు విడిచి వచ్చిన సీమలోను, వచ్చి చేరిన సీమలోను ఒకే జాతి నాణెము ఒకప్పుడు చెల్లుబడి యైనదన్నమాట.

ఇట్టి రాశి చేతికి వచ్చిన మ్యూజియము అధికారి ఏమి చేయవలెను? మున్నూరు నాణెములును ఒక్క పోలికతో నున్నవి. అద్దాల పెట్టెలో ఆరు చాలును. తక్కినవి డూప్లికేట్లని వ్రాసి సంచిలో కట్టుట, ఇతర మ్యూజియములకు పంచుట, అమ్ముట — ఈ మూడు పద్ధతులును ఈ దేశమున చిరకాలము సాగినవి. పూర్వ మింతకన్న ఘోరమైన పద్ధతియు నుండెను. పదునెనిమిదవ శతాబ్ది చివర నెల్లూరు ప్రాంతమున ఒక రైతు దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడము తగిలి, దాని క్రింద రోమను బంగారు నాణెముల కుండ దొరకినది. అతడు వానిని పాతబంగారముగా అమ్మివైచెను. నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా సంపాదింపగలిగెను. అనేకములు మూసలో కరగిపోయినవని మద్రాసు మాజీ గవర్నరు డేవిడ్‌సన్ 1787 నాటి లేఖలో తెలిపెను. ఆ కుండలో మొత్త మెన్ని యుండెనో, ఏ చక్రవర్తివి ఎన్నియో ఇక నెవ్వరును చెప్పజాలరు.

1878లో నిక్షేపముల చట్టము వచ్చెను. పదిరూపాయలకు మించు విలువగల నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలుపవలెనన్న నిబంధన దాని వలన ఏర్పడినది. ప్రభుత్వము సేకరించిన నాణెములను మ్యూజియములకు పంచుటయు, మిగిలినవానిని విక్రయించుటయు తరువాత ఆచారమైనది. కుండ మూసలో పడకుండ చట్టము కొంతవరకు కాపాడినది. కాని కుండలోని సమూహము చెదరకుండ కాపాడుట వేరు పని.

ఆ సమూహపు విలువ తెలియవలెనన్న జోగల్తంబి నిధిని చూడవలెను. నాసిక జిల్లాలోని ఆ గ్రామమున 1906లో దొరికిన వెండినాణెములు 13,250కి పైబడినవి. అన్నియు క్షహరాత వంశీయుడగు నహపానుడు వేయించినవే. డూప్లికేట్లను మాట కింతకన్న తగిన దృష్టాంతము దొరకదు. వానిలో 9,270 నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యముద్రను, ఉజ్జయినీ చిహ్నమును తిరిగి కొట్టించెను. వరుసకొక్కటి చొప్పున ఉంచుకొని తక్కినవి కరగించియుండినచో, శాతవాహనరాజు నహపానుని నాణెముపై తన ముద్ర వేసెనని మాత్రమే తెలిసెడిది. మూడింట రెండువంతులకు మించి ముద్రపడిన సంగతి తెలియుటకు పదమూడువేలును ఎంచినవాడొకడు కావలెను. ఒక రాజ్యము పోయి మరియొక రాజ్యము వచ్చినప్పుడు బజారులోని ద్రవ్యమెట్లు మారినదో ఆ లెక్క చూపుచున్నది. ఏ శాసనమును ఇంత వివరముగా ఈ సంగతి చెప్పదు.

ఆ లెక్క కట్టినవాడు హెచ్. ఆర్. స్కాట్, ఆయన వ్యాసము 1908లో వెలువడెను. ఆయన కంటబడిన మరొక విశేషము: నాణెముల మీది శిరస్సులన్నియు ఒక్కని ముఖముగా లేవు. వయస్సులో తేడా, ముక్కుతీరులో తేడా. నహపానుని కుటుంబీకులు వేర్వేరుగా తమ రూపములు చెక్కించి, వంశకర్త పేరును మాత్రము నిలిపిరేమోనని ఆయన ఊహించెను. ఊహ నిలుచునా లేదా యన్నది వేరు. పది నాణెములు చూచినవానికి అట్టి ఊహయే కలుగదు.

చేతితో సుత్తి వేసి కొట్టిన నాణెములలో ఖచ్చితముగా రెండవప్రతి యనదగినది అరుదు. ఒకే అచ్చున పడినవైనను ఒకదానిపై అచ్చు క్రొత్తది, మరొకదానిపై పగిలినది. పగులు వరుసను బట్టి ఏది ముందో ఏది వెనుకో గ్రహింపవచ్చును. గణితశాస్త్రవేత్త దామోదర్ ధర్మానంద్ కోశాంబి మరియొక అడుగు ముందుకు వేసెను. తక్షశిలలోని భిర్ దిబ్బపై 1924లో దొరికిన వేయింటికి పైబడిన ముద్రాంకిత వెండినాణెముల తూకములను గణించి, చేతులు మారినకొలది నాణెము అరిగి సగటు తూకము తగ్గుననియు, తూకములలో వ్యత్యాసము పెరుగుననియు ఆయన 1941లో చూపెను. ఏ వర్గము ముందుదో తూకమే సాక్ష్యము పలికినది. సగటు కట్టువానికి డూప్లికేటన్నదే లేదు. ఆంధ్రప్రదేశమున అమరావతి నిధిలోని ఏడువేలకు పైబడిన ముద్రాంకిత నాణెములను పరమేశ్వరీలాల్ గుప్తా పరిశీలించి 1963లో గ్రంథముగా ప్రకటించుట ఈ మార్గమున జరిగిన మేలైన పని.

అట్లని సర్వమును శాశ్వతముగా దాచుటయే న్యాయమన రాదు. పెద్దబంకూరు త్రవ్వకములలో ఒక్క కుండలోనే ఇరువదిరెండు వేలకు పైగా శాతవాహన నాణెములు దొరకినవి. వానిని శుభ్రపరచి, చదివి, కాచుట ఎందరికో ఎన్నేండ్లకో సరిపడు పని. ఒక్కచోటనే యున్నచో ఒక్క దొంగకు, ఒక్క అగ్నిప్రమాదమునకు అన్నియు లోబడును. విద్యార్థి శాతవాహన నాణెమును చేత పట్టుకొని చూడవలెనన్న ఏ కళాశాలకైన కొన్ని చేరవలెను. మిగులు నాణెమునకు మరొక ఉపయోగమును గలదు. 1950లో జంషెడ్‌పూరున జాతీయ లోహశోధనశాల ప్రారంభమైన నాటినుండి ఆ ఊరివారికి లోహపరీక్ష క్రొత్తవిద్య కాదు. రాఖా కొండల నాణెములలోని రాగి ఆ కొండలలోనిదేనా యన్న ప్రశ్నకు పోలికలు చూచి సమాధానము చెప్పలేము, లోహమునే అడుగవలెను. కోతలేని పరీక్షలు నేడు అనేకము వచ్చినను, కొన్నిటికి రవ్వంత లోహము తీయక తప్పదు. అట్టి పనికి బాగుగా చెడిన మిగులు నాణెమే తగినది.

కాబట్టి చర్చ అంతయు క్రమమును గూర్చినది. ప్రతి నాణెమును తూచి, రెండువైపుల ఛాయాచిత్రము తీసి, ఏ రాశిలోనిదో సంఖ్య వేసిన పిమ్మట దానిని పంచినను మార్చినను నష్టము స్వల్పము. ముందు పంచి, తరువాత లెక్క వ్రాయబోయినచో నెల్లూరు కుండ గతియే పట్టును. 1835 తరువాత కంపెనీవారు యంత్రములపై ఒకే తీరున ముద్రించిన రూపాయలు, కాలణాల విషయమున ఇంత పట్టుదల అక్కరలేదు. ఆ కాలణాలు పెట్టె అడుగున లేని తెలుగిల్లు తక్కువ. వానిని ఔత్సాహికులు తమలో తాము మార్చుకొనుటలో దోషము లేదు. 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన నాణెమును ప్రైవేటు వ్యక్తి విదేశములకు పంపరాదన్నది మాత్రము వారు మరువరాదు.

పూరీ కుషాణ నాణెములపై రాజుపేరు లేదు, తేదీ లేదు. ఈ జాతిలో కొన్నిటిపై మాత్రము ‘టంక’ యను రెండక్షరములు కానవచ్చినవి. తెలుగువారు టంకసాల యనునప్పుడు పలుకు టంకయే అది. ఆ లిపినిబట్టి పండితులు వానిని సుమారు క్రీ.శ. 6, 7 శతాబ్దులకు చేర్చిరి. అక్షరములున్నవి బహుకొద్ది, తక్కినవన్నియు చూపునకు వానివంటివే.