మన పేరు మీద వచ్చిన డబ్బు, మన చేతికి రాని లెక్క

  

 పోస్టు కొంచెం పెద్దదే. సగంలో వదిలెయ్యకుండా చివరిదాకా చదవండి, చివర్లో మనందరికీ ఒక పని ఉంది.

పోయినేడు మనలో కొంతమందిమి కలిసి తాండాలో సాయంత్రం ట్యూషన్ మొదలుపెట్టాం. బోర్డు, చాపలు, బల్బు మన డబ్బులతోనే కొన్నాం. పిల్లలు పెరిగేసరికి ఒక కంపెనీ వాళ్లకు సాయం కోసం అర్జీ పెట్టాం. పదిరోజుల్లో జవాబు వచ్చింది: "మీ సంఘానికి మూడేళ్ల ఆడిట్ ఉందా? 12ఏ, 80జీ ఉన్నాయా?" మన దగ్గర ఉన్నది ఒక నోటుబుక్కు. అంతే, కథ అక్కడితో ఆగింది.

ఆ రోజు బాధపడ్డాం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే వేరే ప్రశ్న వచ్చింది. మన జాతుల పేరు మీద డబ్బు రావడం ఇయ్యాల కొత్తా? కాదు, నూరేళ్లు దాటింది. మరి ఆ డబ్బు లెక్క రాసిన కలం ఎప్పుడన్నా మన చేతిలో ఉందా? దానికి జవాబు వెతుకుతూ రాసిందే ఈ పోస్టు.

రాయి మీద రాసిన విరాళం

మన పల్నాడు నుంచే మొదలుపెడదాం. విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అక్కడ దొరికిన మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాల్లో ఎక్కువ భాగం విరాళాల రసీదులే. రాజు చెల్లెలు చాంతిసిరి ఏమిచ్చింది, ఉపాసిక బోధిసిరి ఏం కట్టించింది, ఎవరి కోసం, ఎందుకు, అంతా రాతి మీద ఉంది. అసలు ఖర్చు కాకుండా వడ్డీతోనే పని నడిచేలా వృత్తిదారుల శ్రేణుల దగ్గర డబ్బు జమ చేసే పద్ధతి కూడా ఉంది. దాన్ని అక్షయనీవి అన్నారు. ఇప్పుడు కార్పస్ ఫండ్ అంటున్నది అదే.

అమరావతి స్తూపం దగ్గరైతే ఇంకా గొప్ప సంగతి. అక్కడ పలకలు ఇచ్చినవాళ్లలో రాజులే కాదు, గృహస్థులు, భిక్షుణులు, వ్యాపారులు, విధికుడు అనే ఒక చర్మకారుడు కూడా ఉన్నారు. చెప్పులు కుట్టే మనిషి పేరు దాతగా రాయి మీద చెక్కారు! ఎవరిచ్చారో, దేనికిచ్చారో అందరికీ కనపడేలా రాయడం ఈ నేలకు కొత్త కాదు.

మనల్ని దొంగలని రాసి తెచ్చిన గ్రాంటు

ఇక మన దగ్గరికి వద్దాం. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగినవాళ్లు. ఎరుకలోళ్లు కూడా ఉప్పు, ధాన్యం తిప్పి అమ్మినవాళ్లే. రైలు వచ్చి ఆ బతుకుదెరువు పోయింది. అడవికి హద్దులు గీశారు, పశువుల మేతకు పుల్లరి వేశారు. 1921-22లో కన్నెగంటి హనుమంతు నాయకత్వంలో పల్నాడు తిరగబడింది ఆ పుల్లరి మీదే.

తిరిగే జాతులను సర్కారు అనుమానంతో చూసింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. పుట్టుకతోనే నేరస్తుడని ముద్ర వేసి, పేరు రిజిస్టరులో రాసి, హాజరు పలికించారు. 1913-14 ప్రాంతంలో మన పక్కనే, ఇప్పటి బాపట్ల జిల్లాలో, స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. సర్కారు భూమి, గ్రాంటు ఇచ్చింది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అదే రక్షణ సైన్యం. బడి, ఆసుపత్రి వచ్చిన మాట నిజమే. అయితే పాసు లేకుండా ఊరు దాటకూడదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మన పేరు మీద వచ్చిన తొలి పెద్ద గ్రాంటుల్లో ఇది ఒకటి. అందులో డబ్బు ఇచ్చింది ఒకరు, ఖర్చు పెట్టింది ఇంకొకరు. మనోళ్ల పేర్లు ఉన్నది హాజరు పట్టీలో మాత్రమే.

మన కోసం, కానీ మనం కాదు

1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952లో. దాని మీద గట్టిగా పోరాడినవాళ్లలో నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ముందుంటారు. ఆయన గిరిజనుడు కాదు. అయినా యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు. 1948లో ఠక్కర్ బాపా పెట్టిన భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్‌లోనూ పనిచేశారు. అలాంటి పెద్దలకు మనం రుణపడి ఉన్నాం.

గిరిజనుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం గ్రాంటు ఇచ్చే పథకం 1953-54లో మొదలైంది, ఇప్పటికీ ఉంది. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, సంచార వైద్యం లాంటివి అందులోకి వస్తాయి. సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు ఉండాలి. మామూలుగా 90 శాతం కేంద్రం ఇస్తుంది, 10 శాతం సంస్థ పెట్టుకోవాలి. షెడ్యూల్డ్ ఏరియాలో అయితే నూటికి నూరు శాతం కేంద్రమే ఇస్తుంది.

పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు. అంటే మాచర్ల, గురజాల తాండాల్లో ఒక సంఘం 10 లక్షల పని తలపెడితే అందులో లక్ష సొంతంగా చూపించాలి. పాడేరులో ఉన్న సంఘానికి ఆ బాధ లేదు. మనకూ వాళ్లకూ పేదరికంలో తేడా లేదు, మ్యాపులో తేడా ఉంది.

1974-75లో గిరిజన ఉపప్రణాళిక వచ్చినప్పుడూ ఇదే జరిగింది. గిరిజనులు ఎక్కువగా ఉన్నచోట ఐటీడీఏలు, 10,000 జనాభాలో సగం గిరిజనులున్న చోట మాడా, 5,000 ఉన్నచోట క్లస్టర్లు పెట్టారు. మన చెంచులకు శ్రీశైలం ఐటీడీఏ ఉంది. కాలువగట్ల మీద నాలుగు గుడిసెలుగా బతికే యానాదులు ఏ లెక్కలోకి వస్తారు? చెదిరి ఉన్న జనానికి డబ్బు కూడా చెదిరే వస్తుంది.

తుపాను తర్వాత, దూబగుంట తర్వాత

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. దేశవిదేశాల నుంచి సాయం, సంస్థలు కోస్తాకు వచ్చాయి. ఇళ్లు కట్టారు, కొన్ని సంస్థలు తర్వాత కూడా ఉండిపోయాయి. మేలు జరిగింది, కాదనం. అయితే చాలాచోట్ల ప్రాజెక్టు అయిపోగానే జీపు వెళ్లిపోయింది, ఫైళ్లు కూడా ఆ జీపులోనే వెళ్లిపోయాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నెల్లూరు జిల్లాదే. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. బ్యాంకులు అప్పుడూ ఇప్పుడూ చూసేది ఐదు సంగతులు: మీటింగులు క్రమంగా జరుగుతున్నాయా, పొదుపు ఉందా, లోపల అప్పులిచ్చుకుంటున్నారా, తిరిగి కడుతున్నారా, పుస్తకాలు రాస్తున్నారా. వేలిముద్ర వేసే అమ్మలు ఈ ఐదూ నిలబెట్టి చూపించారు. డిగ్రీలు చదివిన మన చేతిలో నోటుబుక్కు ఒకటే ఉండటం చూస్తే సిగ్గుగానే ఉంది.

తలుపులు సన్నబడ్డ కాలం

ఈ పదిహేనేళ్లలో రెండు మార్పులు వచ్చాయి. ఒక తలుపు మూసుకుంది, ఇంకోటి తెరుచుకుంది.

మూసుకుంది విదేశీ నిధుల తలుపు. పెద్ద సంస్థ విదేశీ డబ్బు తీసుకుని, అందులో కొంత ఊళ్లలో ఉన్న చిన్న సంఘాలకు పంచే పద్ధతి ఉండేది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ సవరణతో అలా పంచడం నిషేధించారు. ఆఫీసు ఖర్చు 50 శాతం నుంచి 20కి తగ్గించారు. నేరుగా రిజిస్ట్రేషన్ కావాలంటే మామూలుగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. తాండా సంఘానికి 15 లక్షలు ఎక్కడివి?

తెరుచుకుంది కంపెనీల తలుపు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల లాభం ఉన్న కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. మన దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపురాయి తవ్వి సిమెంటు చేస్తున్నారు. దుమ్ము మన పక్కనే పడుతోంది కాబట్టి ఆ 2 శాతం గురించి అడిగే హక్కు మనకుంది. గనుల రాయల్టీతో పాటు వసూలయ్యే జిల్లా ఖనిజ నిధి కూడా 2015 నుంచి ఉంది. తాగునీరు, చదువు, ఆరోగ్యం దాని మొదటి పనులు.

కానీ అడగాలంటే కాయితం కావాలి.

ఈ ఏడాది మన పని

1. ఏడుగురు చాలు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సంఘం రిజిస్టరు చెయ్యొచ్చు. ఏడుగురిలో ఆడపిల్లలు ఉండాలి, నాలుగు జాతులవాళ్లూ ఉండాలి. ఇది చట్టం మాట కాదు, మన మాట.

2. సంఘం పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా. ఒక్కరి ఫోన్‌పేలో డబ్బు ఉండకూడదు. మన మధ్య చెడేది అక్కడే.

3. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, రసీదు పుస్తకం. చాపకు పెట్టిన 200 రూపాయలకు కూడా రసీదు. ఏటా ఆడిట్, ఏటా రిజిస్ట్రార్‌కు కమిటీ జాబితా.

4. నీతి ఆయోగ్ దర్పణ్‌లో నమోదు. దానికి ఫీజు లేదు. "మేం చేయిస్తాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు.

5. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ. కొత్త సంఘాలకు మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. ఆ మూడేళ్ల పని రికార్డు తయారైతే కంపెనీలకు కావలసిన సీఎస్‌ఆర్-1 ఫారానికి మనం సిద్ధమైనట్టే.

మూడేళ్లా అని నీరసపడకండి. ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడాదిలో ఉన్న తమ్ముడు అప్పటికి డిగ్రీలో ఉంటాడు. అప్పటికైనా వాడికి ఆ ఉత్తరం తిరిగి రాకూడదు.

మరి ఆ 10 శాతం సంగతి? అది మనకు తెలియని పనేం కాదు. సీత్లా పండగకు, తీజ్‌కు నాయక్, కార్భారి కూర్చుని ఇంటికింత అని చెబితే తాండా తాండా కదిలి చందా ఇస్తుంది. ఇవ్వలేని ఇంటిని ఎవరూ నిలదియ్యరు. మన అక్షయనీవి అదే. పండగకు వసూలు చేసేటప్పుడు ఇంటికి ఇంకో ఇరవై రూపాయలు పిల్లల చదువు పేరు మీద తీసి, ఎవరెంత ఇచ్చారో రచ్చబండ దగ్గర కాయితం మీద రాసి అంటించండి. ఇరవై ఇచ్చిన అవ్వ పేరు కూడా ఉండాలి.

నూరేళ్ల కింద మనోళ్ల పేర్లు హాజరు పట్టీలో రాశారు. ఈసారి పేర్లు మనమే రాద్దాం, దాతల పట్టీలో.

ఏడుగురిలో మేముంటాం అనేవాళ్లు మీ ఊరు, చదువు కింద రాయండి. లెక్కలు బాగా వచ్చిన చెల్లెళ్లు ముందు రాయండి.