పన్ను కట్టం, ఊరు ఖాళీ చేస్తాం

ఆఫీసులో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే చీరాల అని చెప్తాను. వెంటనే వచ్చే ప్రశ్నలు రెండే. చీరలు ఎక్కడ కొనాలి, ఓడరేవు బీచ్ దగ్గర ఉండటానికి ఏది బావుంటుంది. పాపం వాళ్ళ తప్పేం లేదు. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో మనమంతా చీరాల-పేరాల ఉద్యమం అని ఓ రెండు లైన్లు చదివాం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, 1921, అంతే. రెండు మార్కులు పడ్డాయి, మర్చిపోయాం.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ నెలకి ఐదొందలు పెంచారు. వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు యుద్ధం. "కట్టేది లేదు" అని అందరికంటే గట్టిగా రాసినాయనే అందరికంటే ముందు కట్టాడు :) అప్పుడు గుర్తొచ్చింది మా ఊరి కథ.

సరే, అసలు విషయానికొస్తాను. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. రెండూ కలిపి జనాభా దాదాపు 15 వేలు. నేతగాళ్ళు, చిన్న వ్యాపారులు, రైతులు. యూనియన్‌గా ఉన్నన్నాళ్ళూ ఏడాదికి వసూలయ్యే పన్ను 4 వేల రూపాయలు. 1919-20లో మద్రాసు ప్రభుత్వం రెండిటినీ కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్ను 40 వేలకి ఎగబాకింది. లెక్క వేసి చూడండి. తలకి నాలుగణాల చిల్లర నుంచి రెండు రూపాయల పది అణాల పైమాట. పసిపిల్లల్ని కూడా కలిపితేనే ఇది. మగ్గం మీద బతికే ఇంట్లో ఐదారుగురుంటే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

జనం మాకీ మున్సిపాలిటీ వద్దు మొర్రో అన్నారు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతమిచ్చి ఓ ఛైర్మన్ని కూర్చోబెట్టింది. పన్ను కట్టనివాళ్ళని జైలుకి పంపింది. అలా జైలుకెళ్ళినవాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే ఆవిడ కూడా ఉంది. 1921లో, పన్ను కట్టనన్నందుకు, ఒక ఆడమనిషి!

ఇక్కడ పుస్తకాల్లో పెద్దగా కనిపించని సంగతి ఒకటుంది. 1920 డిసెంబరు నుంచి స్థానిక స్వపరిపాలన శాఖ చూసింది తెల్లదొర కాదు. జస్టిస్ పార్టీ మంత్రి, మన పానగల్లు రాజా. అంటే పన్ను ఎత్తేయమని అడిగింది తెలుగువాళ్ళు, కుదరదన్నదీ తెలుగాయనే. ఆంగ్లేయులు వర్సెస్ మనం అని గీత గీసి చదివేస్తే ఈ ముక్క జారిపోతుంది.

గోపాలకృష్ణయ్య గారి గురించి రాయాలంటే ఇంకో నాలుగు పేజీలు కావాలి. ఎడింబరోలో ఎం.ఏ. చదివిన మనిషి. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదిస్తే 1917లో హార్వర్డ్ వాళ్ళు అచ్చేశారు. అలాంటాయన వచ్చి చీరాలలో 'రామదండు' అని వలంటీర్ల దళం కట్టి, నేతగాళ్ళ పన్ను గొడవ నెత్తినేసుకున్నాడు. ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చి పల్లెటూళ్ళో కూర్చోడం మన తరం కనిపెట్టిందేం కాదు.

1921 మార్చి 31న బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు మొదలయ్యాయి. అవి ముగిశాక ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. పన్ను కట్టకుండా ఏమొచ్చినా భరించడం, లేదా ఊరొదిలి మున్సిపాలిటీ హద్దు దాటి పోవడం. హద్దులో మనిషే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? వినడానికి భలే లాజిక్. చెయ్యాలంటే?

చేశారు. ఏప్రిల్ నెలాఖరులో 13 వేల మందికి పైగా ఇళ్ళకి తాళాలేసి బయటికొచ్చేశారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. కోస్తాలో ఏప్రిల్, మే ఎండల్లో తాటాకు పాక ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆవిడకి గాంధీగారు గుర్తులేరు, ఉపన్యాసాలు గుర్తులేవు. వాళ్ళ పిల్లి మాత్రం పాకలో ఉండనని రోజూ పాత ఇంటికి పోయేదట, ఈవిడ ఏడ్చేదట. అంతే గుర్తు.

పదకొండు నెలలున్నారు అలా. పాకల్లో, వానల్లో, మగ్గాలు సరిగ్గా ఆడక. డబ్బు కావాలి. నిధుల కోసం గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్తే, ఉపన్యాసం ఇవ్వకూడదని ఆంక్ష పెట్టి, అరెస్టు చేసి, ఏడాది పాటు తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆయన లేకపోయేసరికి నడిపేవాళ్ళు లేరు, చేతిలో పైసా లేదు. 1922లో ఒక్కొక్కరే తిరిగొచ్చి, తాళాలు తీసి, మున్సిపాలిటీని ఒప్పుకున్నారు.

ఓడిపోయారు, అందులో సందేహం లేదు. 'మహోజ్వల ఘట్టం' అని రాసేవాళ్ళు ఈ చివరి భాగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు, నాకది నచ్చదు. ప్రభుత్వానికి పోయిందేముంది, కాస్త ఓపిక పడితే చాలు. నేతగాడికి ఒక నెల మగ్గం ఆగితే అప్పే. రెండు వైపులా కాలం ఒకేలా నడవలేదు. పోరాటం తప్పని అనడం లేదు. దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా రాయాలి కదా అంటున్నాను. గోపాలకృష్ణయ్య గారూ కట్టారు. 1928 జూన్‌లో పోయేనాటికి ఆయనకి ముప్పైతొమ్మిదేళ్ళే.

అమ్మమ్మ ఇప్పటికీ పేరాలలోనే ఉంటుంది. ఈ మధ్య ఇంటి పన్ను నేనే ఆన్‌లైన్‌లో కట్టి, రసీదు ప్రింట్ తీసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని అంకె రెండుసార్లు చూసింది. మడిచి, పాత రసీదుల కట్టలో పెట్టి, బీరువా తాళం వేసుకుంది.