డబ్బా మీద అంకెను నమ్మొచ్చా?

హేతువాదులు రాసుకునే చోట కంప్యూటర్ విడిభాగాల గొడవేమిటని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి, సంబంధం ఉంది.

మా అమ్మాయి కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఆటలు ఆడుకోవడానికి తనే విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకుంటాడట. చాందినీ చౌక్‌లో మూడు షాపులు తిరిగి, మూడు కొటేషన్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ముప్ఫై ఆరేళ్లు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి, కొటేషన్ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఎర్ర పెన్సిల్ తీశాను.

"ఈ ప్రాసెసరే ఎందుకురా?"

"దీనికి గిగాహెర్ట్జ్ ఎక్కువ తాతయ్యా."

"మరి ఈ మెమరీ?"

"దీని మీద 6000 అని ఉంది. రెండోదాని మీద 5600 మాత్రమే."

"ఎవరు కొలిచి చెప్పారు?"

"ఎవరో కొలవడమేమిటి, డబ్బా మీదే ఉంది కదా!"

ఆ మాటకు నేను నవ్వలేదు. ఎందుకంటే 1997లో నేనూ అదే మాట అన్నాను. ఆ కథ ముందు చెప్పాలి.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. జీపీఎఫ్ అడ్వాన్సు తీసుకుని, అదే చాందినీలో ఒక షాపులో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాను. పేరెందుకు లెండి, ఆ షాపు ఇప్పుడు లేదు. ప్రాసెసర్ 166 మెగాహెర్ట్జ్, మెమరీ 16 ఎంబీ. చలికాలమంతా బాగానే పనిచేసింది. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం పూట బొమ్మ బిగుసుకుపోవడం మొదలైంది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, స్విచ్ ఆపి మళ్లీ వేయాల్సిందే.

అప్పుడే విజయనగరం నుంచి మా బావమరిది వచ్చాడు. గది ఒకసారి కలయజూసి, "బావా, కరెంటు వస్తువు పడమట పెడితే ఎలా? ఆగ్నేయానికి మార్చు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఉన్న వారం రోజుల్లో ఒక ఆదివారం, నేను బజారుకెళ్లి వచ్చేలోపు ఆయనా మా ఆవిడా కలిసి మార్చేశారు. ఏం జరిగిందంటారా? బిగుసుకుపోవడం ఆగిపోయింది! పన్నెండు రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఇంట్లో నా పరువు ఎంత మిగిలిందో మీరే ఊహించుకోండి.

అకౌంటెంటుకు తెలిసిన విద్య ఒక్కటే, రిజిస్టరు పెట్టడం. పెట్టాను. తేదీ, టైము, గదిలో వేడి, కంప్యూటర్ ఏ గదిలో ఉంది, ఎంతసేపటికి ఆగింది. మళ్లీ పడమటి గదికి మార్చి, పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఆగలేదు. ఆగ్నేయం గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి నడిపాను. గంట తిరక్కుండా ఆగింది. మూడు వారాల ఎంట్రీలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. పడమటి గదికి సాయంత్రం దాకా ఎండ కొడుతుంది, ఆగ్నేయం గదికి మధ్యాహ్నానికే నీడ. దిక్కు చేసిన పని అంతే.

కానీ వేడికి ఎందుకు ఆగాలి? కలకత్తాలో ఇంకా ఎన్నో కంప్యూటర్లు ఎండల్లో పనిచేస్తున్నాయి కదా. మా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో ఒక మిత్రుడు వచ్చి ప్రాసెసర్ పైకి తీసి, దూది మీద స్పిరిట్ వేసి తుడిచాడు. అచ్చేసిన 166 కాస్తా దూదికి అంటుకుని వచ్చేసింది. కింద అరగదీసిన గీతలు. ఆయన అంచనా ప్రకారం అది 133 చిప్పు. మదర్‌బోర్డు మీద చిన్న జంపర్ మార్చి దాన్ని 166కు పరుగెత్తించారు. ఆయన జంపర్‌ను పాత స్థానంలో పెట్టాక, ఆ కంప్యూటర్ పనిచేసిన మిగతా నాలుగేళ్లలో ఎండకు ఒక్కసారీ ఆగలేదు.

తొంభైలలో ఈ అరగదీసి అచ్చేసే వ్యాపారం ప్రపంచమంతా సాగింది. చిప్పు ఏ వేగంతో నడవాలో చెప్పే గుణకాన్ని ఇంటెల్ కంపెనీ తర్వాత చిప్పు లోపలే తాళం వేసి పెట్టడానికి ఇది ఒక కారణం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది డబ్బు కాదు. వాస్తును నమ్మని పెద్దమనిషిని, చిప్పు మీద అచ్చును మాత్రం ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మాను. మా బావమరిది దగ్గర కనీసం పన్నెండు రోజుల ఫలితం ఉంది. నా దగ్గర అదీ లేదు.

ఇంతకీ ఈ ఊళ్లోనే కంప్యూటర్‌ను అంకెతో కాకుండా పనితో కొలిచిన రోజులున్నాయి. నేను కొన్నాళ్లు కాశీపూర్ గన్ అండ్ షెల్ ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో పనిచేశాను. అక్కణ్ణుంచి బి.టి. రోడ్డు మీద కొంచెం పైకి వెళితే బరానగర్‌లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. మహలనోబిస్ 1931లో స్థాపించిన సంస్థ. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు 1941లో వచ్చి చేరిందీ ఇక్కడే. 1953లో ఇక్కడ సమరేంద్ర కుమార్ మిత్రా ఒక ఎలక్ట్రానిక్ అనలాగ్ కంప్యూటర్‌ను సొంతంగా తయారుచేయించారు. ఇది ఎంత గొప్పదని అడిగితే వాళ్లు చెప్పే జవాబు ఏమిటో తెలుసా? పది అజ్ఞాత రాశులున్న సమీకరణాలను సాధిస్తుంది అని. అంతే. అడిగినవాడు తన సమీకరణాలు తెచ్చి చూసుకోవచ్చు.

తర్వాత ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎం అనే డిజిటల్ కంప్యూటర్‌ను తెప్పించారు. అది 1956 నాటికి పనిలోకి వచ్చింది. మన దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. దాని మెమరీ గిర్రున తిరిగే ఒక డ్రమ్ము. అందులో 1,024 అంకెలకే చోటు. కావలసిన అంకె తిరిగి తిరిగి తల కిందకు వచ్చేదాకా యంత్రం చేతులు కట్టుకుని నిలబడాలి. ప్రోగ్రాం రాసేవాళ్లు ఆ ఎదురుచూపును కూడా లెక్కలో వేసుకోవలసి వచ్చేది. ఈ ఎదురుచూపు మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మనవడి కొటేషన్‌కు ఇదే పనికొస్తుంది.

కంప్యూటర్ ఇంటింటి వస్తువయ్యాక పరిస్థితి మారింది. కొనేవాడికి సమీకరణాలు లేవు, కొలిచే తీరికా లేదు. అమ్మేవాడికి ఒక్క అంకె కావాలి. అలా మెగాహెర్ట్జ్ గద్దెనెక్కింది. 2000 మార్చి 6న ఏఎండీ 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ప్రకటించింది, రెండు రోజులకే ఇంటెల్ ప్రకటించింది. అదే ఏడాది జూలై ఆఖర్న ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం-3 తెచ్చి, నెల తిరగకుండా వెనక్కి తీసుకుంది. కొన్ని పనుల్లో అది తప్పుతోందని బయటపెట్టింది ఇంటర్నెట్‌లో సమీక్షలు రాసే కొద్దిమంది. వాళ్లు చేసింది సొంతంగా నడిపి చూడడం, అంతే.

నవంబరులో పెంటియం-4 వచ్చింది. దాని లోపల ఒక్కో పనిని 20 అంచెలుగా ముక్కలు చేశారు. పెంటియం-3లో 10 అంచెలే. అంచె చిన్నదైతే గడియారం వేగంగా కొట్టగలదు, గిగాహెర్ట్జ్ అంకె పెరుగుతుంది. కానీ ఒక్కో టిక్కుకు జరిగే పని తగ్గుతుంది. ఫ్యాక్టరీలో నిమిషానికి ఎన్నిసార్లు గంట కొట్టారో లెక్కపెట్టి, ఎన్ని గుళ్లు తయారయ్యాయో చూడకుండా ప్రొడక్షన్ బోనస్ ఇచ్చినట్టన్నమాట. మా ఆడిట్‌లో అలాంటి బిల్లు పాసయ్యేది కాదు.

ఏఎండీ దీన్ని ఎదుర్కొన్న తీరు ఇంకా విచిత్రం. 2001 అక్టోబరులో అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అని అమ్మింది. దాని అసలు వేగం 1533 మెగాహెర్ట్జ్. అంకె అసలు కొలత కాదని చెప్పదలచుకున్న కంపెనీ, దానికి మరో పెద్ద అంకె అంటించి చెప్పింది! చిప్పు చాలా పనుల్లో బాగానే నెగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా జనానికి అర్థమయ్యేది అంకె ఒక్కటే అనుకున్నారు.

ఈ పరుగు వేడి దగ్గర ఆగింది, మా ఇంట్లో ఆగినట్టే. 2004 అక్టోబరులో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం-4ను రద్దు చేసుకుంది. ఆ నెలలోనే ఒక సభలో కంపెనీ అధిపతి క్రెయిగ్ బారెట్ సరదాగా మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ అడిగాడు. 2006లో అదే కంపెనీ కోర్-2 డ్యుయో తెచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ కొత్త చిప్పు 3.8 గిగాహెర్ట్జ్ పాతదాన్ని సునాయాసంగా ఓడించింది. ఆరేళ్లపాటు అంకె చూసి కొన్నవాళ్లకు ఎవరు జవాబు చెప్పాలి? తొలినాళ్ల పెంటియం-4 వేగం పరీక్షలను తమకు అనుకూలంగా తయారుచేయించారన్న ఆరోపణతో అమెరికాలో దావా నడిచింది. 2014లో రాజీకి వచ్చి, అప్పట్లో కొన్నవాళ్లకు తలా 15 డాలర్లు ఇస్తామన్నారు. తప్పు చేశామని మాత్రం ఇంటెల్ ఒప్పుకోలేదు. కొలతబద్ద కూడా ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలన్నమాట.

రామాయణంలో పిడకల వేటలా మెమరీ గురించి ఒక ముచ్చట. 1995లో అమెరికాలో సాఫ్ట్‌ర్యామ్-95 అనే ప్రోగ్రాం వచ్చింది. చిప్పులు కొనక్కర్లేదు, ఇది వేసుకుంటే మీ మెమరీ రెట్టింపు అన్నారు. లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. నిపుణులు విప్పి చూస్తే లోపల చెప్పుకోదగ్గ పనేమీ జరగడం లేదు. మెమరీ ఎంతుందో చూపించే బొమ్మ మాత్రం పెద్ద అంకె చూపిస్తోంది. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. గమ్మత్తేమిటంటే వాడినవాళ్లలో చాలామంది తమ కంప్యూటర్ వేగం పెరిగిందని నిజాయితీగా నమ్మారు. విభూతి రాసుకుంటే తలనొప్పి తగ్గిందనేవాళ్లకంటే వీళ్లు చదువు తక్కువవాళ్లేం కాదు.

మెమరీ ధరల సంగతి వేరు, అది నా సొంత రంగం. 1999 నుంచి 2002 దాకా మెమరీ తయారీదార్లు కొందరు కూడబలుక్కుని ధరలు నిర్ణయించారు. టెండర్లలో మేము రింగు అని పిలిచేది ఇదే. అమెరికాలో నేరం ఒప్పుకుని ఇన్ఫినియన్ 2004లో 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 2005లో 18.5 కోట్లు, శాంసంగ్ అదే ఏడాది 30 కోట్లు జరిమానా కట్టడానికి అంగీకరించాయి. 2025 చివర్లో మెమరీ ధరలు మళ్లీ మండిపోయినప్పుడు మా మనవడు "ఇదీ రింగే తాతయ్యా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఈసారి కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీని ఎగబడి కొంటున్నాయి. పాత నేరం కొత్త నేరానికి సాక్ష్యం కాదు కదా.

ఇక వాడి కొటేషన్. 6000 అని రాసిన డీడీఆర్-5 మెమరీ గడియారం నిజానికి కొట్టేది సెకనుకు 300 కోట్ల సార్లు. అంటే 3000 మెగాహెర్ట్జ్. టిక్కుకు రెండుసార్లు సమాచారం పంపుతుంది కాబట్టి 6000 అంటారు. అది అబద్ధం కాదు, కానీ మెగాహెర్ట్జూ కాదు. పక్కనే చిన్న అక్షరాల్లో సీఎల్-30 అని ఉంది. అడిగిన సమాచారం కోసం 30 టిక్కులు ఆగాలని అర్థం. కాగితం మీద లెక్క వేయించాను. 30 టిక్కులు అంటే 10 నానోసెకన్లు. డీడీఆర్-4లో 3200, సీఎల్-16 ఉన్నదానికి వేయమన్నాను. 10 నానోసెకన్లు. ఇరవై ఏళ్ల కిందటి డీడీఆర్-400, సీఎల్-2కు? అదీ 10 నానోసెకన్లే! వాడు మూడుసార్లు వేసి చూశాడు. ఒక్కసారికి మోసుకొచ్చే బస్తాలు ఎన్నో రెట్లు పెరిగాయి. మొదటి బస్తా కోసం ఆగే సమయం మాత్రం దాదాపు కదల్లేదు.

బరానగర్ డ్రమ్ము దగ్గర మొదలైన ఎదురుచూపు ఇదే. ఆటలకు ఈ ఎదురుచూపే ముఖ్యం. అందుకే 2022లో ఏఎండీ 5800ఎక్స్3డీ అనే చిప్పు తెచ్చినప్పుడు గిగాహెర్ట్జ్ తగ్గించింది. దాని అన్నగారు 4.7 దాకా వెళితే ఇది 4.5 దాకానే. కానీ చిప్పు మీదే ఉండే క్యాష్ మెమరీని 32 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెంచింది. మెమరీ దాకా పరుగెత్తి ఆగే అవసరం తగ్గింది, చాలా ఆటల్లో అన్నగారినే దాటిపోయింది. మా వాడు తెచ్చిన కొటేషన్లలో గిగాహెర్ట్జ్ తక్కువని కొట్టేసిన మూడోది ఆ కుటుంబంలోదే.

ఇంకో రెండు ఎర్ర గీతలు గీశాను. 32 జీబీ ఒకే ముక్కగా రాశారు. 16 చొప్పున రెండు ముక్కలైతే రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. తర్వాత, 6000 మెమరీ కొన్నా బయోస్‌లో దాని ప్రొఫైల్ ఆన్ చేయకపోతే 4800లోనో 5600లోనో నడుస్తుంది. డబ్బిచ్చి కొన్న అంకె ఇంట్లో అసలు ఉందో లేదో చూసుకోరు చాలామంది.

వాడు ఆడే ఆటలు మూడు. ఆ మూడింటినీ షాపులో నడిపి చూపించాలి, తను కొలుస్తాను, ఆ తర్వాతే డబ్బు అని రెండు షాపులకు ఫోన్ చేశాడు. ఒకాయన నవ్వి పెట్టేశాడు. రెండో ఆయన శనివారం రమ్మన్నాడు. శనివారం ఇనప వస్తువు కొనడమేమిటని మా ఆవిడ సణుగుతోంది. పాత రిజిస్టరు బీరువాలోంచి తీసి వాడికిచ్చాను. 1997 ఎంట్రీల తర్వాత ఇంకా సగం పైగా ఖాళీగానే ఉంది.