కాగితము నిలిపిన కారు

లోకమున వస్తువు ముందు, దస్తావేజు తరువాత. కాని క్యూబా ద్వీపమున కొన్ని కార్లకు దస్తావేజే ప్రాణము పోసినది.

1959వ సంవత్సరమునకు పూర్వము హవానా వీథులలో షెవర్లే, ఫోర్డు, బ్యూయిక్, ప్లిమత్ కార్లు విరివిగా తిరుగుచుండెడివి. అమెరికా తీరము నూరు మైళ్ళ లోపుననే యున్నది గదా! 1959 జనవరిలో కాస్ట్రో నాయకత్వమున విప్లవము జయించినది. 1960లో అమెరికా తన ఎగుమతులలో అధికభాగమును నిషేధించినది. 1962 ఫిబ్రవరిలో వ్యాపార నిషేధము ఇంచుమించు సంపూర్ణమైనది. క్రొత్త కార్లే కాదు, విడిభాగములును రాలేదు.

తరువాత వచ్చిన సోవియట్ కార్లను ప్రభుత్వము ఉద్యోగులకును, వృత్తినిపుణులకును కేటాయించెడిది. వానిని యథేచ్ఛగా అమ్ముకొను హక్కు వారికి లేదు. విప్లవమునకు పూర్వమే దేశమున నున్న కార్లకు మాత్రము ఆ హక్కు నిలిచినది. స్పానిష్ భాషలో దీనిని 'త్రస్పాసో' అందురు. అనగా యాజమాన్యపు బదిలీ. సొంత యింటిని సైతము అమ్ముకొనరాని ఆ రోజులలో, తాతనాటి కారు కాగితము కుటుంబమునకు నిజమైన ఆస్తి.

అందుచే కారు చెడినను పారవేయలేదు. రష్యా వోల్గా ఇంజనును అమర్చిరి. దొరకని భాగములను చేతితో చేసికొనిరి. లోపలి యంత్రము మారినను, పత్రమున మాత్రము అది పాత షెవర్లేయే.

2011 అక్టోబరు 1 నుండి తక్కిన కార్ల క్రయవిక్రయములకును అనుమతి లభించినది. పాతపత్రముల ప్రత్యేకత అంతటితో తీరినది. కాని అరువదేండ్లు దాటిన కార్లు నేటికిని హవానాలో కనబడుటకు మెకానిక్కుల నేర్పెంత కారణమో, పెట్టెలో భద్రపరచిన ఆ కాగితమును అంతే కారణము.