చేప మేతలో నూనె కథ



మృగశిర కార్తె నాడు హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దాటి బేగంబజారు చేపల మార్కెట్టుకు వెళ్ళి చూడండి, కాలు పెట్ట సందుండదు. ఆ రోజు చేప తినాలని మనవారి ఆనవాయితీ కదా! అక్కడ కత్తిపీట ముందు కూర్చున్నవాడు పొట్ట చీల్చినప్పుడు ఒక్కో చేపలో ప్రేగుల చుట్టూ తెల్లని క్రొవ్వు ముద్దలు కనబడతాయి. 'బాగా బలిసిందయ్యా' అని కొనేవాడు మురిసిపోతాడు. అది బలం కాదు. మేతలో ఖర్చుపడక మిగిలిపోయిన నూనె. తూకంలో దాని వెల యిచ్చి, యింటికి పోయి పారవేయవలసిందే.

అయితే మేతలో నూనె అసలు వద్దా? 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకు క్రొవ్వు లేని మేత పెట్టి చూచారు. తోకలమీద పొలుసులు లేచి, ఎదుగుదల ఆగి, కడకు చచ్చిపోయాయి. లినోలిక్ ఆమ్లం వున్న నూనె కొంచెం పెడితే కోలుకున్నాయి. అనగా నూనె ఒట్టి కట్టెపుల్లవంటి యింధనం కాదు, ఒంటికి తప్పనిసరి సరుకు అని తేలింది.

చేపకు యింకొకటి కూడా కావలె. శీతకాలంలో నెయ్యి పేరుకుంటుంది, అవిసె నూనె పేరుకోదు. నీటితోపాటే ఒళ్ళు చల్లబడే చేపకు అవిసె నూనెలోని లినోలెనిక్ ఆమ్లం వంటిది అవసరం. జపాను శాస్త్రజ్ఞులు 1970ల్లో మన బంగారుతీగ చేపకు రెండు ఆమ్లాలూ, మేతలో నూటికి ఒక్కొక్క పాలు చొప్పున కావాలని చూపారు. తవుడు, వేరుశనగ చెక్కలలో మొదటిది వుంటుంది గాని రెండవది బహు స్వల్పం. అయినా మన చేపలు పెరుగుతున్నాయే అంటారా? ఎరువు వేసిన చెరువు నీటిలో పుట్టే నాచు, సూక్ష్మజీవులు ఆ లోటు తీరుస్తున్నాయి. చేపపిల్లల్ని కిక్కిరిసిపోయేలా వదిలి, తవుడు మీదనే ఆధారపడితే మాత్రం ఆ పద్దు చెడుతుంది.

జపానులోనే మరొక గుణపాఠం దొరికింది. దారం తీసిన పట్టుకాయలలో మిగిలిన పురుగులను అక్కడ బంగారుతీగకు మేపేవారు. నూనె చెడి కనరెక్కిన పురుగులు తిన్న చేపలకు వీపు కండ కరిగి సన్నబడేది. 1960ల్లో పరిశోధకులు దీనికి చెడిన నూనె కారణమనీ, ఇ విటమిను యిస్తే ఆపవచ్చుననీ తేల్చారు.

ఈ సంగతి మన తవుడుకు సూటిగా తగులుతుంది. 1957లో హీరాలాల్ చౌదురి గారు మందు సూదితో చేపలచేత గుడ్లు పెట్టించిన తర్వాత పిల్లలు దొరకడం సులువై, 1980ల నాటికి కొల్లేటి చుట్టూ బొచ్చె, రోహు చెరువులు విస్తరించాయి. చిల్లులు పొడిచిన సంచులలో తవుడు నింపి గుంజలకు కట్టే పద్ధతి అక్కడిదే. తవుడులో నూనె నూటికి పదిహేను పాళ్ళ వరకు వుంటుంది. ధాన్యం మరపట్టిన గంటనుండే తవుడులోని ఎంజైము ఆ నూనెను విడగొట్టనారంభిస్తుంది. వానకాలంలో గోదాములో పదిరోజులు మూల్గిందంటే చెప్పనక్కరలేదు. నూనె తీసిన తవుడు నిలువ వుంటుంది గనుకనే రైతులు దానివైపు మొగ్గారు. కాని దానిలో నూనె దాదాపు లేదు, కాబట్టి దానితోపాటు చెక్క కలపక తప్పదు. మొత్తం మేతలో నూనె నూటికి అయిదు మొదలు ఎనిమిది పాళ్ళుంటే చాలు. చేప దానిని కదలికకు ఖర్చుపెట్టి, మాంసకృత్తులను ఎదుగుదలకు మిగుల్చుకుంటుంది.

బస్తా విప్పగానే గుప్పెడు తీసి వాసన చూడండి. ముక్కు చిట్లించవలసివస్తే, అది ఎంత చౌకగా వచ్చినా చెరువులో వేయకండి.